మిగతా నలభైతొమ్మిది మంది

హాలియాలో బస్సెక్కితే నాగార్జునసాగరం గంటలోపు ప్రయాణం. అక్కడినుంచి లాంచీలో నాగార్జునకొండకు వెళ్ళి ప్రదర్శనశాల చూసి వచ్చినవారు మనలో చాలామందే ఉంటారు. బుద్ధవిగ్రహం ముందు, చెక్కిన సున్నపురాతి ఫలకాల ముందు ఆగినంతసేపు సందర్శకులు అక్కడున్న లోయ నమూనా ముందు ఆగరు. నేను మాత్రం ప్రతిసారీ అక్కడే ఎక్కువసేపు నిలబడతాను. 1954 నుంచి 1960 దాకా తవ్వి వెలికితీసిన విజయపురి, ఆ పైన జలాశయం అడుగుకు చేరిన ఆ లోయ యావత్తూ కుదించిన కొలతలో అక్కడ పరచి ఉంటుంది. ఏ విహారం ఏటికి ఎంత దగ్గర, ఏ స్తూపం కోటకు ఎంత దూరం అన్నది ఒక్క చూపులో బోధపడుతుంది.

అదే చరిత్ర ఆ చుట్టుపక్కల ఇంకా రెండు మూడు కొలతల్లో దొరుకుతుంది. కొన్ని కట్టడాలను చిన్న నమూనాలుగా చేసి ఉంచారు. అనుపులో రంగస్థలాన్ని అసలు పరిమాణంలోనే తిరిగి నిలబెట్టారు. ఇవతలి ఒడ్డున 2022 మే నెలలో ప్రారంభమైన బుద్ధవనంలో దేశదేశాల స్తూపాలు మనిషి చుట్టూ తిరిగి చూడగలిగినంత చిన్నవై వరుసగా నిలిచి ఉన్నాయి. అనుపు మెట్లమీద కూర్చుంటే ఒక మనిషి గొంతు అక్కడ ఎలా వినబడి ఉంటుందో ఊహించవచ్చు, కానీ నగరం ఎంతో తెలియదు. లోయ నమూనా ముందు నిలబడితే నగరం ఎంతో తెలుస్తుంది, కానీ మనిషి కనబడడు. రెండూ నిజమే. కొలత మారితే చరిత్ర మారదు. అందులో మన కంటికి ఆనేది మాత్రం మారుతుంది.

ఈ మాటతో ఎందుకు మొదలుపెట్టానంటే, నేను చాలాకాలంగా తలమునకలుగా ఉన్న ఒక వ్యాసంగంలో కొత్తవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇదే. చారిత్రక యుద్ధక్రీడకు ఏ స్కేలు బొమ్మలు ఎంచుకోవాలి? ఈ క్రీడ పరిచయం లేని మిత్రుల కోసం రెండు మాటలు చెబుతాను. చరిత్రలో జరిగిన ఒక యుద్ధాన్ని తీసుకుని, ఆ నేలను బల్లమీద మట్టితోనో అట్టతోనో తీర్చి, ఇరుపక్షాల సైన్యాలను చిన్నబొమ్మలుగా నిలిపి, కొలబద్దతో దూరాలు కొలుస్తూ, పాచికలతో అదృష్టాన్ని లెక్కిస్తూ నియమబద్ధంగా ఆడే ఆట ఇది. చదరంగం కూడా యుద్ధక్రీడే, కానీ దానికి స్కేలు లేదు. ఏనుగుకూ బంటుకూ ఒకటే గడి. గడి అంటే ఎన్ని గజాలని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న అడిగినవారు ప్రష్యా సైనికాధికారులు. 1824లో రైస్విట్జ్ తన యుద్ధక్రీడ నియమాలను 1:8000 కొలత గల పటాలమీద ఆడేందుకు రాశాడు. అందులో బొమ్మలు లేవు, దళాలకు బదులు చిన్న దిమ్మలు ఉంటాయి. అధికారుల శిక్షణగా మొదలైన ఆ విద్యను ఇంటి నేలమీది ఆటగా మార్చినవాడు హెచ్.జి. వెల్స్. 1913లో ఆయన ప్రకటించిన ‘లిటిల్ వార్స్’లో సీసపు సిపాయిలు 54 మిల్లీమీటర్ల పొడగరులు. వారిని పడగొట్టేది పాచిక కాదు, కర్రగుండు పేల్చే స్ప్రింగు ఫిరంగి. నేటి అభిరుచిలో ఈ రెండు పాయలూ కలిసే ఉన్నాయి. స్కేలు తగవు అంతా ఆ కలయికలోనే పుట్టింది. బొమ్మ కావాలి, పటమూ కావాలి. రెండూ ఒకే కొలతలో ఒదగవు.

దుకాణాల భాషలో స్కేలును మిల్లీమీటర్లలో చెబుతారు. 28 మి.మీ. అంటే బొమ్మ పాదం నుంచి కంటి దాకా 28 మిల్లీమీటర్లు. తలపాగాలు, టోపీలు కొలతకు అడ్డం వస్తాయి గనుక కంటి దాకా కొలిచే అలవాటు ఏర్పడింది. మనిషి కంటి ఎత్తు సుమారు 160 సెంటీమీటర్లనుకుంటే అది దాదాపు 1/56 నిష్పత్తి. 15 మి.మీ. అంటే దగ్గరదగ్గర 1/100. 6 మి.మీ. అంటే 1/285 నుంచి 1/300. విమానాల, టాంకుల నమూనాలు చేసేవారికి పరిచయమైన 1/72 ప్లాస్టిక్ సిపాయిలు ఈ వరుసలో 28కీ 15కీ మధ్య కూర్చుంటారు. కొందరు తయారీదారులు పాదం నుంచి నడినెత్తి దాకా కొలుస్తారు. మరికొందరు ముఖం బాగా కనబడాలని తలను, చేతులను కాస్త లావు చేస్తారు. అందుచేత రెండు చోట్ల కొన్న 28 మి.మీ. సిపాయిలను పక్కపక్కన నిలిపితే మేనమామా మేనల్లుడూ నిలబడినట్టు ఉంటుంది. కొనబోయేవారికి నా మొదటి హెచ్చరిక ఇదే. మిల్లీమీటరు మాటను నమ్మి రెండు చోట్ల కొనవద్దు.

కొత్తవాళ్ళకు సాధారణంగా దొరికే సలహా ఏమిటి? చూపు బాగుంటే చిన్నవి, రంగులు వేయడం ఇష్టమైతే పెద్దవి, డబ్బు తక్కువైతే ప్లాస్టిక్, చోటు తక్కువైతే 6 మి.మీ., స్నేహితులు ఏది ఆడితే అది. ఇవన్నీ తీసిపారేయదగ్గవి కావు. కానీ ఇవన్నీ కొనుగోలుదారుకు చెప్పే మాటలు. చరిత్రను బల్లమీద పెట్టబోయేవాడు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న వేరు. ఒక బొమ్మ ఎందరికి ప్రతినిధి? ఈ ప్రశ్నకు జవాబు కుదిరాకే స్కేలు జోలికి వెళ్ళాలన్నది నా వాదం. ఈ వాదం పుస్తకాల్లో దొరికింది కాదు. మా ఊరి బడిపిల్లాడు నా నోరు మూయించినప్పుడు పుట్టింది.

అప్పటికి నేను చందుర్తి యుద్ధాన్ని బల్లకెక్కించే పనిలో ఉన్నాను. ఇంగ్లీషు చరిత్రల్లో ‘కాండోర్’ అని కనబడేది ఇదే. పిఠాపురానికి సమీపంలో 1758 డిసెంబరులో జరిగింది. బొబ్బిలి కథ మనందరికీ కంఠోపాఠం. 1757 జనవరిలో బొబ్బిలి కూలడం, కొద్దిరోజులకే విజయరామరాజును తాండ్ర పాపారాయుడు చంపడం ఎరగనివారు లేరు. దాని తరువాతి అంకం చందుర్తి. విజయనగరం గద్దెనెక్కిన ఆనందగజపతి ఫ్రెంచివారితో తెగతెంపులు చేసుకుని కలకత్తా నుంచి ఇంగ్లీషువారిని పిలిపించాడు. క్లైవు పంపగా వచ్చిన ఫోర్డు దగ్గర సుమారు 500 మంది ఐరోపా సిపాయిలు, 2000 మంది దేశీయ సిపాయిలు ఉన్నారు. రాజుగారి సేన 5000 కాల్బలం, 500 గుర్రాలు. ఎదుట కాంఫ్లాన్స్ నాయకత్వాన 500 మంది ఐరోపా సిపాయిలు, 6000 మంది దేశీయ సిపాయిలు, 500 గుర్రాలు, ముప్పైకి తగ్గని ఫిరంగులు. ఒక్క ఉదయపు పోరు ఉత్తర సర్కారుల భవితవ్యాన్ని తేల్చివేసింది. మరుసటి ఏప్రిల్‌లో ఫోర్డు బందరు కోటను పట్టుకున్నాడు. ఇంత పెద్ద మలుపును మనం బొబ్బిలి నీడలో మరచిపోయాము.

హాలియా వాడికి చందుర్తి ఎందుకయ్యా అని అడగవచ్చు. ఏరు దాటితే పల్నాడు, కారెంపూడి కూతవేటు దూరం కదా! ఆ సంగతికి తరువాత వస్తాను. చందుర్తిని ఎంచుకోవడానికి కారణం ఒక్కటే. దానికి లెక్కలున్నాయి. ఎవరు ఎందరు, ఎవరి ఎడమన ఎవరు నిలిచారు, ఏ పొలం ఎక్కడ ఉంది అన్న వివరాలు కంపెనీ కాలపు చరిత్రకారుల రాతల్లోనే దొరుకుతాయి.

తొలివిడత నేను 28 మి.మీ. బొమ్మలే తెప్పించుకున్నాను. అందరూ అదే ఆడతారు, ఫొటోల్లో అవే అందంగా ఉంటాయి. బొమ్మకు గంట చొప్పున కూర్చుని, ఎర్రకోటుకు గుండీలతో సహా రంగులద్దాను. ఐరోపా దళం 500 మందికి పది బొమ్మలు. అంటే ఒక్కో బొమ్మ యాభై మందికి బదులు. బల్ల సిద్ధమయ్యాక బడిపిల్లలను పిలిచి, ఇది కుడి, ఇది ఎడమ, ఇక్కడ ఫ్రెంచివారు అని చూపిస్తూ ఈ యాభై లెక్క కూడా చెప్పాను. పాచిక పడి ఒక సిపాయి బొమ్మను పక్కకు తీసిపెట్టగానే ఏడో తరగతి పిల్లవాడు అడిగాడు.

“సార్, ఒక్కో బొమ్మ యాభై మంది అన్నరు గద. మరి మిగతా నలభైతొమ్మిది మంది యాడున్నరు?”

నవ్వేసి ఊరుకోబోయాను. కానీ జవాబు దొరకలేదు. నేను తీసిపెట్టింది ఒక బొమ్మ. దానికి ముఖం, మీసం, గుండీలు నేనే ఇచ్చాను. తక్కిన నలభైతొమ్మిది మందికి బల్లమీద చోటు కూడా ఇవ్వలేదు. బొమ్మ ఎంత అందంగా ఉంటే ఆ లేనివాళ్ళు అంత సులువుగా మరపున పడతారు.

ఆ రాత్రే కాగితం తీసుకుని లెక్క వేశాను. ఈ లెక్క ఎవరైనా వేయవచ్చు, ఏ యుద్ధానికైనా పనికొస్తుంది. 2500 మంది మూడు వరుసలుగా నిలిస్తే వరుసకు సుమారు 830 మంది. మనిషికి 60 సెంటీమీటర్ల చోటు చొప్పున ఫోర్డు సిపాయిల వరుస సుమారు 500 మీటర్లు. ఇదే పద్ధతిలో ఫ్రెంచివారి కాల్బలం 1300 మీటర్లు. 28 మి.మీ. బొమ్మల నిష్పత్తినే నేలకూ వాడితే ఫోర్డు వరుసకే తొమ్మిది మీటర్ల బల్ల కావాలి. ఫ్రెంచివారిని నిలపాలంటే ఇల్లు దాటి వీధిలోకి పోవాలి. నా బల్ల పొడవు 180 సెంటీమీటర్లు, వెడల్పు 120. అందుకని నేల కొలతను 1:1000కు కుదించక తప్పదు. మీటరు దూరం బల్లమీద ఒక మిల్లీమీటరు అవుతుంది. 1300 మీటర్ల వరుస 130 సెంటీమీటర్లలో ఒదుగుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. నేల వెయ్యోవంతు, మనిషి యాభైఆరోవంతు. అంటే నేలకన్నా మనిషి పద్దెనిమిది రెట్లు పెద్ద. అయిదు మీటర్ల గుడిసెను సిపాయికి తగిన ఎత్తున చేసి నిలిపితే అది బల్లమీద తొమ్మిది సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. నేలలెక్కన అది తొంభై మీటర్లు. ఒక గుడిసె పెడితే ఒక పల్లె పోయినట్టే. 6 మి.మీ. బొమ్మతో ఈ వక్రత మూడున్నర రెట్ల లోపే. గుడిసె పదిహేడు మీటర్లకు ఎక్కువ మింగదు. నాలుగు గుడిసెలు పెట్టి ఊరు అనిపించవచ్చు.

జనాభా లెక్క కూడా చూడండి. ఐరోపా దళం 500 మంది, నూరు మీటర్ల ముఖవైశాల్యం, అంటే బల్లమీద పది సెంటీమీటర్లు. ఆ పది సెంటీమీటర్లలో 28 మి.మీ. బొమ్మలు రెండు వరుసల్లో పది పడతాయి. 15 మి.మీ. వైతే ఇరవై. 6 మి.మీ. వైతే అసలు సైన్యంలాగే మూడు వరుసల్లో అరవై. అంటే ఒక బొమ్మ వరుసగా యాభై, పాతిక, ఎనిమిది మందికి ప్రతినిధి. ఇరుపక్షాలూ కలిపి 15,000 మంది. వారికోసం ఆ క్రమంలోనే 300, 600, సుమారు 1900 బొమ్మలు కావాలి. పందొమ్మిది వందలనగానే గుండె జారుతుంది. జారనక్కరలేదు. నా చేతివేగంలో పెద్దబొమ్మ గంటకు ఒకటి, 6 మి.మీ. బొమ్మలు గంటకు పాతిక. మూడు వందల గంటల పని ఒక పక్క, డెబ్బైఅయిదు గంటల పని ఒక పక్క. చిన్నబొమ్మకు గుండీలు పెట్టనక్కరలేదు. కోటు ఎరుపు, కాళ్ళు, తుపాకి, ముఖం మీద ఒక చుక్క, అంతే.

ఇంతవరకు అంకెల మాట. ఇక చరిత్ర మాట. చందుర్తిలో గెలుపు ఒక పొరపాటు మీద ఆధారపడింది. తీరప్రాంతంలో దేశీయ సిపాయిలను తెల్లదుస్తుల్లో చూడడానికి ఫ్రెంచివారు అలవాటుపడ్డారు. ఫోర్డు వెంట వంగదేశం నుంచి వచ్చినవారు ఎర్రకోట్లు తొడిగి ఉన్నారు. మధ్యన నిలిచిన అసలు ఐరోపా దళం ఎత్తుగా పెరిగిన పైరు చాటున పడి ఎదుటివారికి కనబడలేదు. ఫ్రెంచి దళం ఎడమ పక్కన ఉన్న ఎర్రకోట్ల సిపాయిలనే ఐరోపావారనుకుని వారిమీద పడింది. సిపాయిలు చెదిరారు. గెలిచామనుకుని వరుసలు తప్పి తరుముకుంటూ పోయినవారి పక్కటెముకల మీదికి పైరు చాటు నుంచి ఫోర్డు తన దళాన్ని తిప్పాడు. యుద్ధం అక్కడే తేలిపోయింది.

ఈ పొరపాటును 28 మి.మీ. బల్లమీద నమ్మించలేము. ఎందుకంటే ఆ బొమ్మలో సిపాయి తలపాగా, ముఖపు రంగు, మెడలో పేట దాకా కనబడతాయి. ఫ్రెంచివారు కళ్ళులేని వాళ్ళా అనిపిస్తుంది. బల్లకు అరవై సెంటీమీటర్ల దూరాన నిలబడి 1/56 బొమ్మను చూడడమంటే అసలు మనిషిని ముప్పైనాలుగు మీటర్ల నుంచి చూసినట్టు. 1/300 బొమ్మను అంతే దూరాన్నుంచి చూస్తే 180 మీటర్ల నుంచి చూసినట్టు. ఆ దూరాన మనిషి లేడు. ఒక ఎర్రగీత ఉంది, ఆ గీత ముందు పొగ ఉంది. ఆ రోజున ఫ్రెంచి అధికారి కంటికి ఆనింది అదే. 6 మి.మీ. బొమ్మలతో రెండోసారి బల్ల పరచినప్పుడు పిల్లలను ఫ్రెంచివారి వైపు నిలబెట్టి, ఐరోపా దళం ఎక్కడుందో చూపమన్నాను. నలుగురిలో ముగ్గురు ఎడమ పక్క ఎర్రగీతను చూపారు. పైరు చాటున ఉన్న దళాన్ని బయటికి తిప్పినప్పుడు వారు అరచిన అరుపు ఏ పాఠం చెప్పినా నాకు వినబడలేదు. చిన్న స్కేలు ఆ తప్పును వారి చేతనే చేయించింది. తప్పు చేసినవాడికే ఆ యుద్ధం అర్థమవుతుంది.

ఇంకొక మాట. క్లైవు మద్రాసు నుంచి వంగదేశానికి తీసుకుపోయిన సిపాయిలను అక్కడివారు ‘తిలంగా’లన్నారు. ఆ తరువాత ఉత్తరాదిన సిపాయి ఎవరైనా తిలంగాయే అయ్యాడు. మన దేశం పేరు ఊరూ పేరూ లేని సిపాయికి పర్యాయపదమయిందన్నమాట. చందుర్తిలో ఇరువైపులా ఉన్న 8000 మంది దేశీయ సిపాయిలలో ఒక్కరి పేరు మనకు పాఠ్యపుస్తకంలో దొరకదు. ఫోర్డు దొరుకుతాడు, కాంఫ్లాన్స్ దొరుకుతాడు, రాజుగారు దొరుకుతారు. ఆ 8000 మందికి కనీసం చోటైనా దక్కాలంటే బొమ్మ ఎనిమిదిమందికి ప్రతినిధిగా ఉండడానికీ యాభైమందికి ప్రతినిధిగా ఉండడానికీ తేడా ఉంది. అంకెల్లో చెబితే జారిపోయే ఆ సమూహపు బరువు బల్లంతా నిండిన బొమ్మల వల్ల కంటికి తెలుస్తుంది.

దీనికి ఎదురువాదం లేకపోలేదు, అది బలమైనదే. చిన్నబొమ్మల్లో మనిషి ధూళి అయిపోతాడు, దళాన్ని బల్లమీద తోసేటప్పుడు చీపురుతో చెత్త తోసినట్టు ఉంటుంది, సేనాపతి కళ్ళతో చూడడమంటే చావును దూరం నుంచి చూడడమే కదా అంటాడు నా మిత్రుడొకడు. ఒప్పుకుంటాను. 6 మి.మీ. సిపాయి చచ్చిపోతే ఎవరికీ బాధ కలగదు. పెద్దబొమ్మ పడిపోయినప్పుడు పిల్లవాడు ప్రశ్న అడిగాడు, చిన్నబొమ్మలు పడిపోయినప్పుడు అడగలేదు. ఇది నేను దాచిపెట్టదలచుకోని నిజం. దీనికి నేను చేసుకున్న సర్దుబాటు చివర చెబుతాను.

ఇప్పుడు కారెంపూడి. నాగులేటి ఒడ్డున పన్నెండో శతాబ్దిలో జరిగిన పల్నాటి యుద్ధానికి నేను చందుర్తి పద్ధతి వాడను. అక్కడ 28 మి.మీ. లేదా ఇంకా పెద్ద బొమ్మలే సరి అంటాను. మాట మార్చానని అనుకోవద్దు, అదే ప్రశ్నకు అక్కడ జవాబు వేరు. పల్నాటి యుద్ధం మనకు అంకెలుగా అందలేదు, పేర్లుగా అందింది. అరవైఆరుగురు వీరనాయకులు, బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు, కన్నమదాసు. వీర్లగుడిలో నేటికీ పూజలందుకునేవి వీరుల ఆయుధాలు. కార్తికమాసంలో అయిదురోజుల పాటు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అంటూ సాగే ఉత్సవం నా దృష్టిలో నిలువెత్తు కొలతలో ఆడే యుద్ధక్రీడ. అక్కడ ఒక మనిషి ఒక వీరుడికి ప్రతినిధి. నిష్పత్తి ఒకటికి ఒకటి. అటువంటి యుద్ధాన్ని 6 మి.మీ. బొమ్మలతో పరచాలంటే ఇంత సైన్యమని, ఇంత ముఖవైశాల్యమని నేను కల్పించాలి. పేర్లున్న చోట అంకెలు కల్పించడం, అంకెలున్న చోట ముఖాలు కల్పించడం, రెండూ ఒకే తప్పుకు రెండు వైపులు. అరవైఆరుగురికి అరవైఆరు బొమ్మలు చేయండి. ఒక్కొక్కరికీ గంట కాదు, పది గంటలు వెచ్చించండి. అది తగిన పని.

మన పూర్వశిల్పులకు ఈ సమస్య తెలుసు. మన ప్రాంతపు వీరగల్లులను చూడండి. చనిపోయిన వీరుడు పెద్దగా, ఎదిరించినవారు చిన్నగా ఒకే ఫలకం మీద ఉంటారు. దాన్ని అమాయకత్వమనుకోవడం మన అమాయకత్వం. ఆ రాయి ఎవరికోసం నిలిపారో వాడే కొలత. తక్కినవారంతా వాడితో పోలిస్తే ఎంతో అంతే. అయితే బల్లమీద ఆ పద్ధతి కుదరదు. తుపాకి గురి ఎంతదూరం, గుర్రం ఎన్ని అంగలు అన్నవి కొలిచి ఆడే చోట ఒకే బల్లమీద రెండు కొలతల సైనికులను కలిపితే ఏ దూరమూ దూరం కాకుండా పోతుంది. సేనాపతి బొమ్మను మాత్రం పెద్దది పెడదామనే ముచ్చట కొందరికి ఉంటుంది. వద్దంటాను. శిల్పి చేసింది స్మారకం, మనం చేస్తున్నది క్షేత్రం.

మరి 15 మి.మీ. మాటేమిటి? మధ్యేమార్గం ఎప్పుడూ తప్పించుకునే మార్గం కాదు. 1990లో వచ్చిన డీబీఏ నియమావళిలో పక్షానికి పన్నెండే పలకలు, 15 మి.మీ. బొమ్మలకు పలక వెడల్పు 40 మిల్లీమీటర్లు, అరవై సెంటీమీటర్ల చదరంలో ఆట ముగుస్తుంది. అక్కడ బొమ్మల లెక్క ముఖ్యం కాదు, పలకే దళం. బొమ్మ ఆ దళం ఏ జాతిదో చెప్పే గుర్తు మాత్రమే. ఒకటికి యాభై అని మభ్యపెట్టకుండా, ఇది గుర్తే సుమా అని ఒప్పుకునే ఆ పద్ధతిలో నిజాయితీ ఉంది. కాకతీయుల సేననో రాచకొండ వెలమప్రభువుల సేననో మొదటిసారి నిలపదలచినవారికి అది చవకైన, తొందరగా పూర్తయ్యే మార్గం. 1/72 ప్లాస్టిక్ పెట్టెలు ఇంకా చవక. కానీ వాటిలో దక్కను సేనలకు సరిపోయే బొమ్మలు తక్కువ, కత్తితో కోసి అతికి వేషం మార్చుకోవాలి. బొమ్మలు ఏవీ దొరకని చోట అట్టమీద ముద్రించి కత్తిరించిన కాగితపు సిపాయిలు చాలు. కాగితానికి ఒక వరం ఉంది. దాన్ని ఏ కొలతలోనైనా ముద్రించుకోవచ్చు. సీసం కొనేముందు కాగితంతో ఒకసారి ఆడి చూడమని ఎవరికైనా చెబుతాను. నేనే అలా చేసి ఉంటే రంగులద్దిన ఆ గంటలు మిగిలేవి.

కాబట్టి వరుస ఇదీ. ముందు యుద్ధాన్ని ఎంచుకోండి. అది పేర్లుగా అందిందా, అంకెలుగా అందిందా చూడండి. అంకెలైతే సైన్యపు వరుస ఎన్ని మీటర్లో లెక్కవేసి, మీ బల్లమీద ఒదిగేట్టు నేల కొలతను తేల్చండి. ఆ కొలతలో ఒక దళానికి ఎన్ని సెంటీమీటర్లు వస్తాయో, అందులో ఏ బొమ్మలు ఎన్ని పడతాయో చూడండి. ఒక బొమ్మ ఎందరికి బదులో కాగితం మీద రాయండి. ఆ అంకెను చూసి మీ మనసు ఒప్పుకుంటే అప్పుడు కొనండి. డబ్బు, చూపు, చోటు తరువాతి సంగతులు. ఈ వరుసను తలకిందులు చేసి, బొమ్మ నచ్చి కొన్నాక దానికి యుద్ధాన్ని వెతకడం వల్లనే మన అలమరాల్లో సగం రంగులద్దిన సైన్యాలు మగ్గుతున్నాయి.

చివర చెబుతానన్న సర్దుబాటు ఇది. చందుర్తి బల్లకు ఒక మూలన, క్షేత్రానికి వెలుపల, ఒక పీట వేసి దానిమీద ఒక్క 54 మి.మీ. సిపాయిని నిలిపాను. ఎర్రకోటు, చేతిలో తుపాకి, దుమ్ముకొట్టుకున్న పాదాలు. అతడు ఆటలో లేడు, అతడిమీద ఏ పాచికా పడదు. పిల్లలు ముందు అతణ్ణి చూస్తారు, ఆ తరువాత వంగి బల్లమీది ఎర్రగీతలను చూస్తారు. లోయ నమూనా చూసినవారు అనుపు మెట్లమీద కూడా కాసేపు కూర్చోవాలని నేను అనేది ఇందుకే. ప్రశ్న అడిగిన పిల్లవాడు కిందటివారం మళ్ళీ వచ్చాడు. పీటమీది సిపాయిని అటూ ఇటూ తిప్పి చూసి, ఈయన పేరేమిటని అడిగాడు. చరిత్రలో లేదని చెప్పాను. అయితే మనమే పెడదామా అన్నాడు. అంకెలున్న చోట ముఖాలు కల్పించవద్దని ఇంత పెద్ద వ్యాసం రాసిన నేను, వద్దని గట్టిగా చెప్పలేకపోయాను. మీరైతే ఏమని చెప్పి ఉండేవారు?